ఒక పొడుగు ఈల

మా కోనసీమలో కాదు అనే మాట లేదు. పెళ్ళి సంబంధం నచ్చకపోతే "ఆలోచించి కబురు చేస్తామండి" అంటారు. ఇల్లు అద్దెకివ్వడం ఇష్టం లేకపోతే భోజనం పెట్టి మరీ పంపిస్తారు. ఇంత మర్యాద గల మనుషులు ఇంకెక్కడా లేరని బయటివాళ్ళు చెప్పుకుంటారు, మేమూ నమ్ముతాం. ఆ మర్యాద ఎలా కోస్తుందో నాకు బాగా తెలుసు. దాని మూలంగా నాకు ఒక ఉద్యోగం పోయింది. ఉద్యోగమే అయితే ఇంత రాసేదాన్ని కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. మా ఆయన గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తాను: రాజోలు అవతల వేరే కాపురం పెట్టుకున్నాడు. ఇక ఈ రాతలో ఆయన కనపడడు. పిల్ల అడుగులు నేర్చుకునే రోజుల్లో దాన్ని మా అన్నయ్య ఇంట్లో వదిన చేతుల్లో పెట్టి, ఇంటిపనికి కువైట్ వెళ్ళాను. మా వైపు అది వింతేం కాదు. వీధికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అక్కడే ఉంటారు. కొన్నేళ్ళకి తిరిగొచ్చేసరికి పిల్ల బడికి వెళ్తోంది. నేను గుమ్మంలో పెట్టె దించగానే లోపలికి పరిగెత్తి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "తాగండి. దారిలో ఇబ్బందేం అవలేదు కదండీ?" అని అడిగింది. వదిన చక్కగా నేర్పింది. చుట్టాలొస్తే ఎలా పలకరించాలో అలాగే పలకరించింది. నేను ఆ నీళ్ళన్నీ తాగేశాను, దాహం లేకపోయినా.

అది నాతో పోట్లాడటానికి ఏడాది పైనే పట్టింది. ఒక రోజు బడికి వేళవుతోందని జడ గట్టిగా లాగాను. "పోవే అమ్మా, నువ్వు వెయ్యకు, అత్త వేస్తాది" అంది. వదిన చెయ్యెత్తింది. నేను మధ్యలోకి దూరి, "అననీ వదినా" అన్నాను. మనసులో ఎంత సంబరమో చెప్పలేను. కన్నకూతురు చేత తిట్టించుకోవడానికి అంత కాలం కనిపెట్టుకుని ఉన్న తల్లిని ఎవరైనా చూశారా? ఆ రోజే అనుకున్నాను, ఏ పనైనా సరే ఈ ఊరి చుట్టుపక్కలే చేసుకుంటాను, మళ్ళీ విమానం ఎక్కను అని.

కొత్తపేటలో ఖాళీగా ఉన్న ఒక బడి గదుల్లో శిక్షణ పెడుతున్నారని అప్పుడే తెలిసింది. పార్కులు, ఏటిగట్టు మీద నాటిన తోటలు, ఊరి ఉమ్మడి స్థలాలు చూసుకునే సహాయకుల పని. పది పాసైతే చాలన్నారు. మూడు నెలలు నేర్పి, గోదావరి గట్టు పక్కన కొత్తగా తయారవుతున్న పార్కులో పెడతారు. కొన్నాళ్ళు పని చూసి, నచ్చినవాళ్ళని ఖాయం చేస్తారు.

"పేడ, గెత్తం మొయ్యడానికి కూడా ట్రైనింగా అమ్మాయ్?" అంది వదిన. వీధిలో అందరూ అదే మాట. కోనసీమ మనిషికి మొక్కలు పెంచడం నేర్పడమేంటి, చేపపిల్లకి ఈత నేర్పినట్టు అని నవ్వారు. నేనూ నవ్వాను. వెళ్ళాక తెలిసింది, మాకు తెలిసింది మా పెరడు మటుకే. గట్టు మట్టి వానకి జారిపోకుండా వట్టివేరు ఏ ఎడంలో నాటాలో, పదిమంది నడిచే చోట ఏ చెట్టు పనికిరాదో, పెద్ద కొమ్మని మానుకి దెబ్బ తగలకుండా ఎక్కడ కొయ్యాలో నాకు తెలియదు. కడియం నర్సరీలకి తీసుకెళ్ళి అంటు కట్టడం చూపించారు. పచ్చిక కోసే మిషను నా చేతికిచ్చిన రోజు, అది నన్నే లాక్కుపోయింది. మర్నాటికి నేను దాన్ని లాక్కొచ్చాను. కువైట్లో అన్నేళ్ళు ఎవరి నేలో తుడిచాను. నేల తుడవడం వేరు, నేలని చూసుకోవడం వేరు. సాయంత్రం గోళ్ళల్లో మట్టితో ఆటో దిగుతుంటే నాకు సిగ్గుండేది కాదు, పొగరుగా ఉండేది.

నేర్పే సారు అనంతపురం వైపు మనిషి. కరుకుగా మాట్లాడతాడు గానీ పని దగ్గర నిజాయితీ గలవాడు. మా బ్యాచ్‌లో ఎక్కువమంది ఆడవాళ్ళమే. ఆయనకి మా చేతుల మీద ఏ ఫిర్యాదూ లేదు. మా నోటితోనే వచ్చింది చిక్కు.

రెండో నెలలో అందరికీ ఈలలు ఇచ్చారు. నల్లతాడుతో మెళ్ళో వేసుకునేవి. ఒక పొడుగు ఈల అంటే ప్రమాదం, ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. రెండు పొట్టి ఈలలు అంటే ఇక ఏం లేదు, కదలొచ్చు. పార్కుకి వచ్చేవాళ్ళకి ఇది గేటు దగ్గరే బోర్డు మీద రాసి పెడతామన్నారు. సారు పూలమొక్క దగ్గరికి వెళ్ళి నిలబడి, "నేను వచ్చినోణ్ణి, పూలు తెంపుతాండా. ఊదండి" అన్నాడు. ఒక్కరూ ఊదలేదు. కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. రాజోలు నుంచి వచ్చే ఒక అమ్మాయి, మా అందరిలోకి చిన్నది, ముందుకెళ్ళి "మీకు పూలు కావాలంటే నేను కోసిస్తానండి" అంది.

సారు తల పట్టుకున్నాడు. "ఎట్లమ్మా మీతో? దొంగొచ్చినా కాఫీ ఇచ్చేట్టుండారే!"

"ఆయ్, ఇస్తామండి" అంది ఆ అమ్మాయే.

ఆయన తప్పు కాదు, మా తప్పూ కాదు. కూర్చున్న మనిషిని లెమ్మనడం మా ఇళ్ళల్లో లేదు. పెద్దాయన కూర్చున్న మంచం ఎత్తాల్సొస్తే "లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని" అని పిలుస్తాం. ఆయన లేచి వెళ్ళాక మంచం ఎత్తేస్తాం. ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు, ఎవరి గౌరవం వాళ్ళకి ఉంటుంది. అలాంటిది, తెలిసిన మనిషి మీద ఈల ఊదాలంటే ఊపిరి ఎక్కడినుంచి వస్తుంది?

కానీ నాకు ఉద్యోగం కావాలి. ఈల ఇంటికి తెచ్చి పెరట్లో ఊదాను. మొదట ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. "ఆడకూతురివి, ఈలేంటమ్మాయ్, చోద్యం కాపోతే" అని వదిన గొణిగింది. నా కూతురు నా చేతిలోంచి లాక్కుని ఒక్క ఊపు ఊదితే వీధి కుక్కలు లేచాయి. అక్కణ్ణించి అది మా ఆట అయింది. సాయంత్రం నేను వీధి మొదట్లో ఆటో దిగగానే అరుగు మీద నిలబడి పొడుగ్గా ఊదేది. నేను ఒక కాలు ముందుకి, ఒక కాలు వెనక్కి పెట్టి అలాగే బిగుసుకుపోయేదాన్ని. చేతిలో సంచీ ఉన్నా సరే. దానికి దయ కలిగినప్పుడు రెండు పొట్టి ఈలలు ఊదేది. అప్పుడు కదలాలి. ఒక్కోసారి కావాలని ఆలస్యం చేసేది. దారినపోయేవాళ్ళు నన్ను చూసి, దీనికి మతిపోయిందనుకునేవారు.

శిక్షణ చివర్లో పరీక్ష పెట్టారు. తలా కొన్ని ఎర్రగుడ్డలు ఇచ్చి, పార్కంతా తిరిగి మనిషికి ప్రమాదం ఉన్నచోటల్లా కట్టమన్నారు. నాచు పట్టిన మెట్లకి కట్టాం, బయటికి వేలాడే కరెంటు తీగ దగ్గర కట్టాం, పాముపుట్ట పక్కన కట్టాం. ఆ పార్కు ఒకప్పుడు కొబ్బరితోట. దాని నిండా పాత చెట్లే, గెలల నిండా కాయలే. ఒక్కరంటే ఒక్కరు కొబ్బరిచెట్టుకి గుడ్డ కట్టలేదు. పైగా మధ్యాహ్నం వాటి కిందే కూర్చుని క్యారేజీలు విప్పాం.

సారు వచ్చి పైకి వేలు చూపించాడు. మేం పైకి చూశాం. ఏమీ కనపడలేదు. కాయలున్నాయి, అంతే.

"కాయకి కళ్ళుంటాయండి. మనిషిని చూసి పక్కన పడుద్ది" అని మాలో ఎవరో అన్నారు. ఎవరో ఏంటి, అందరి మాటా అదే. కొబ్బరిచెట్టు మాకు పెద్దకొడుకు లెక్క. పెద్దకొడుకు నెత్తిన కొడతాడని ఎవరనుకుంటారు? సారు కింద పడి ఉన్న ఒక ఎండుకాయ తీసుకుని, నా క్యారేజీ మూత మీద నడుం ఎత్తు నుంచి వదిలాడు. మూత సొట్టపడి లోపలికి పోయింది. "మీ అందరికీ సున్నా" అన్నాడు.

ఆ సున్నా నన్ను పట్టుకుంది. ఆ తర్వాత తల దించి నడవలేకపోయాను. ఇంట్లో పిల్ల పడుకునే మంచం చెట్టు కింద నుంచి వసారాలోకి మార్చాను. "కొబ్బరిచెట్ల కింద పుట్టి పెరిగి వాటికే జడుస్తావేంటే" అని వదిన మూతి తిప్పింది. ఇప్పుడు ఇక్కడ, మళ్ళీ కువైట్లో, మేడం ఇంటి ముందు ఖర్జూరం చెట్లున్నాయి. వాటి కింద నడిచేటప్పుడు కూడా పైకే చూస్తాను.

పార్కు తెరిచారు. మాలో కొందరిని పనిలో పెట్టుకున్నారు, నన్నూ, రాజోలు అమ్మాయినీ కూడా. తెరిచేముందు మిగతా చెట్ల కాయలన్నీ దింపేశారు, ఏటి వైపు నాలుగు చెట్లు మటుకు మిగిలాయి. వాటి కింద గాలి బాగుంటుంది, నీడ ఇంకా బాగుంటుంది. ఆ కాయలు వేలంపాటలో పాడుకున్న వ్యాపారి, ధర వచ్చేదాకా చెట్టెక్కించి దింపు తియ్యనని కూర్చున్నాడు. అందుకని, పార్కు పని కూడా చూసే మా సారు ఆ నాలుగు చెట్ల చుట్టూ తాడు కట్టించి, ఆ వైపు నాకు అప్పజెప్పాడు. దింపు అయ్యేదాకా లోపలికి ఎవర్నీ వెళ్ళనివ్వకూడదు. ఇంత చిన్న మాట. దాని మీద నా బతుకు ఆధారపడి ఉంది.

పార్కు స్థలం ఇచ్చింది ఒక పెద్దింటివాళ్ళు. ఆ ఇంటి పెద్దాయనే పార్కు కమిటీకి పెద్ద. ఊరంతా పెద్దబాబుగారు అంటారు. మమ్మల్ని ఖాయం చెయ్యాల్సింది కూడా ఆ కమిటీనే. ఆయన చెడ్డమనిషి కాడు, అది ముందే చెప్పాలి. చిన్నపిల్లని కూడా మీరు అంటాడు. కార్తీక మాసంలో ఒక ఆదివారం, రాజమండ్రి నుంచి వచ్చిన చుట్టాలతో వనభోజనాలకి వచ్చాడు. సముద్రంలో ఏదో వాయుగుండం అని రెండు రోజులుగా గాలి విడిచి విడిచి కొడుతోంది. ఆయన తిన్నగా ఏటి వైపు నడిచి, తాడు దాటి, పెద్ద చెట్టు మొదట్లో నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి ఆయన కూర్చునే చోటది. రాజోలు అమ్మాయి పరిగెత్తుకెళ్ళి తాడు ఎత్తి పట్టుకుని, కుర్చీలు తనే లోపల వేసింది. వెనకాలే చుట్టాలు, పులిహోర గిన్నెలు, ఆయన మనవలు.

నేను ముందు మా పద్ధతిలోనే వెళ్ళాను. "ఇటేపు గాలి ఇంకా బాగుంటదండి, ఇలా వచ్చేయండి" అన్నాను.

"ఇక్కడే బాగుందమ్మా" అన్నాడు నవ్వుతూ.

"ఆ మండపంలో కాఫీ ఏర్పాటు చేసేమండి, రండి, తాగుదురుగాని."

"ఇక్కడికే పంపించండమ్మా."

అక్కడితో మా పద్ధతి అయిపోయింది. కోనసీమలో అంతకంటే ముందుకి దారి లేదు. అప్పుడే ఏటి మీద నుంచి పెద్ద గాలి వచ్చింది. నేను పైకి చూశాను. ఎండిన గెల ఒకటి మట్టతో సహా ఊగుతోంది. దాని కిందే ఆయన మనవలిద్దరు ఇసకలో కూర్చుని ఆడుకుంటున్నారు. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అన్నారా? ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా పెట్టి పొడుగ్గా ఊదాను.

పార్కంతా బిగుసుకుపోయింది. రేవులో బట్టలు ఉతికేవాళ్ళు కూడా చేతులాపి చూశారు. పెద్దబాబుగారు మెల్లిగా లేచి నా వైపు తిరిగాడు.

"నన్నేనా అమ్మా?"

"ఆయ్. తవర్నేనండి."

ఆయన కండువా సర్దుకున్నాడు. మనవల చేతులు పట్టుకుని తాడు దాటి బయటికొచ్చాడు. వెనకాలే చుట్టాలు గిన్నెలతో సహా వచ్చారు. అందరూ తాడుకి ఇవతల వరసగా నిలబడి పైకి చూడటం మొదలుపెట్టారు. ఎందుకు లేపిందో చూద్దామని. నేనూ చూశాను. ఆ క్షణంలో నేను కోరుకున్న కోరిక దేవుడికే తెలుసు. ఒక్క కాయ. కాయ కాకపోతే పింద. అదీ కాకపోతే ఒక ఎండుమట్ట. గాలి ఆగింది, గెల కదలకుండా నిలబడింది. ఏదీ పడలేదు. ఆయన చాలాసేపు చూసి, "మంచిదమ్మా" అని చుట్టాలని తీసుకుని వెళ్ళిపోయాడు. నేను రెండు పొట్టి ఈలలు ఊదడం కూడా మర్చిపోయాను.

మర్నాడు సారు పిలిచాడు. "రూలు ప్రకారం నువ్వు చేసింది కరెక్టేనమ్మా" అన్నాడు. ఆ తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "అయినా మనిషిని చూసి ఊదల్ల గదా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఏ మనిషిని చూసి ఊదాలో మీరు నేర్పలేదండి. చెట్టుని చూసి ఊదమన్నారు" అన్నాను.

వెళ్ళి ఒకసారి పెద్దాయనకి కనపడి రమ్మన్నాడు. ఇంటికొచ్చి చెప్తే వదిన "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతాదని ఊరికే అన్నారా? ఎల్లు, కాళ్ళు పట్టుకున్నా తప్పులేదు, పిల్ల మొహం చూసుకుని ఎల్లు" అంది. పిల్ల మొహం చూసుకునే వెళ్ళాను.

పెద్దబాబుగారు వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. ఎవరి అమ్మాయినో అడిగాడు. చెప్పాను. "ఓహో, మీ నాన్న మా తోటలో దింపు తీసేవాడమ్మా. ఎంత ఒద్దికైన మనిషి! ఆయన చెట్టు మీదుంటే కింద నేను కుర్చీ కూడా జరిపేవాణ్ణి కాదు, అంత నమ్మకం" అన్నాడు. నేను క్షమించమన్నాను. మనవల మీద పడుతుందేమోనని భయపడ్డానని చెప్పాను. "అయ్యో, నాకు కోపం ఎందుకమ్మా? మీ డ్యూటీ మీరు చేసేరు. మీలాంటివాళ్ళే కావాలి మాకు" అన్నాడు. నేను లేచేటప్పుడు పాలేరుని పిలిచి, ఒక సంచీ నిండా కొబ్బరికాయలు పోయించాడు. "పిల్లకి కొబ్బరి లౌజు చేసిపెట్టండి" అన్నాడు. సంచీ మోసుకుంటూ ఉద్యోగం ఖాయమైందనుకుని ఇంటికొచ్చాను. ఆ గడ్డ మీద పుట్టి కూడా అలా అనుకున్నాను. భోజనం పెట్టి పంపిస్తే అర్థం ఏంటో నాకు తెలియదా? తెలుసు. కానీ ఆశ గలవాళ్ళకి ఏ మర్యాదా అర్థం కాదు.

మర్నాడు పొద్దున్న వెళ్తే ఏటి వైపు రాజోలు అమ్మాయి నిలబడి ఉంది. నన్ను చూసి తల దించుకుంది. సారు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "కొన్నాళ్ళు రెస్టు తీసుకోండమ్మా. కబురు చేస్తాం" అన్నాడు. అనంతపురం మనిషి, కాదంటే కాదని మొహం మీద చెప్పే మనిషి, కొన్ని నెలలు మా నీళ్ళు తాగి మా మాట నేర్చుకున్నాడు. మేం ఆయన దగ్గర ఈల నేర్చుకున్నాం, ఆయన మా దగ్గర ఇది నేర్చుకున్నాడు. "తీసేశాం" అని ఉంటే తిట్టేదాన్ని, పోట్లాడేదాన్ని. కబురు చేస్తాం అన్న మనిషితో ఏం పోట్లాడతాం?

వదిన లౌజు చేసింది. చాలా బాగుంది. అంత బాగున్నందుకు ఇప్పటికీ కోపం నాకు.

కబురు కోసం చూశాను. చలి వెళ్ళింది, ఎండ వచ్చింది. కొత్తపేట బస్టాండులో ఒకసారి రాజోలు అమ్మాయి కనపడింది. తనని ఖాయం చేశారట. "పెద్దబాబుగారు నిన్ను రోజూ అడుగుతారక్కా, ఆ అమ్మాయి బాగుందా అని" అంది. మెళ్ళో ఈల ఉంది, కొత్తదానిలాగే మెరుస్తోంది. దింపు అయ్యిందా అని అడిగాను. అయ్యిందట, తాడు కూడా తీసేశారట. ఈలోగా ఏమైనా పడిందా అని అడగబోయి మానేశాను. తనే చెప్పింది: "ఒక్క కాయ కూడా పడలేదక్కా." ఊళ్ళో నాతో ఎవరు మాట్లాడినా చివరికి ఆ మాట దగ్గరికే వస్తారు. పడలేదు కదా అని. పడలేదు, నిజమే. ఆ మాట ఎన్నిసార్లు విన్నా, ఆ గాలి మళ్ళీ వస్తే మళ్ళీ ఊదుతాను. పెద్దబాబుగారి మీదైనా సరే.

అన్నయ్య ఇంట్లో ఎన్నాళ్ళని కూర్చుంటాను? పాత ఏజెంటుకి ఫోను చేశాను. అదే ఇల్లు, అదే మేడం. పిల్లకి చెప్తే ఏడవలేదు. పెట్టె సర్దడానికి సాయం చేసింది. చీరలు మడత పెట్టి అందించింది. వెళ్ళే రోజు పొద్దున్న జడ వేస్తూ కావాలనే గట్టిగా లాగాను. ఏమీ అనలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను. "నొప్పిగా లేదా?" అని అడిగితే, "పర్లేదు, వెయ్యండి" అంది.

మధ్యాహ్నం కారు వచ్చింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే వెనక సీట్లో ఉన్నారు, వాళ్ళదీ అదే ప్రయాణం. పిల్ల అరుగు మీద వదిన పక్కన నిలబడింది. చెయ్యి ఊపలేదు. కారు వీధి మొదలుకొచ్చి, నేను రోజూ ఆటో దిగే చోటికి చేరేసరికి, వెనక నుంచి ఈల వినపడింది. ఒకటే, పొడుగ్గా. ఆ ఈల నన్నెవరూ తిరిగి అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఇంట్లో ఏ మూలో ఉండిపోయిందనుకున్నాను.

డ్రైవరు బ్రేకు వేశాడు. "ఏటండీ, ఏదైనా మర్చిపోయేరా?" అన్నాడు.

నేను కదల్లేదు. ఒళ్ళో సంచీ పట్టుకుని అలాగే బిగుసుకుని కూర్చున్నాను. రెండు పొట్టి ఈలల కోసం చూశాను. డ్రైవరు అద్దంలోకి చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు.

అవి రాలేదు.

"పోనివ్వండి" అన్నాను.